పురస్కార వేదికపై ప్రసంగాలు

అండమాన్ దీవుల ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్‌లో జూన్ మాసపు పొద్దు ఆరు గంటలకు ముందే కుంకుతుంది. నైరుతి వానలు కురిసే ఆ సాయంకాలాల్లో మబ్బు దట్టమైతే డిష్ సంకేతం తెగి టెలివిజన్‌లో బొమ్మ నిలిచిపోవడం మామూలే. 2011 జనగణన ప్రకారం ఈ కేంద్రపాలిత ప్రాంత జనాభాలో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. తెలుగునాట జరిగే ఉత్సవాలు వారికి చాలావరకు తెరమీదనే అందుతాయి. హైదరాబాదు హైటెక్స్‌లో 2025 జూన్ 14న తెలంగాణ ప్రభుత్వం నిర్వహించిన గద్దర్ చలనచిత్ర పురస్కార ప్రదానోత్సవాన్ని అటువంటి ప్రేక్షకుని వైపునుండి పరిశీలించడం ఉపయోగకరం.

ఆ ప్రేక్షకునికి ఏ తెలుగు రాష్ట్ర శాసనసభకూ ఓటు లేదు. కనుక 2047 నాటి రాష్ట్ర లక్ష్యాలు, పరిశ్రమకు ప్రభుత్వం ఇవ్వనున్న చేయూత వంటి మాటలు అతనిని ఉద్దేశించినవి కావు. వ్యయం భరించే ప్రభుత్వం తన మాట చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ మాటలను తీసివేసి చూసినపుడు కళను గురించి వినవచ్చినది ఎంత అన్నది ప్రశ్న.

ఈ ప్రశ్నకు చరిత్ర ఉంది. 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది పురస్కారాలలో తొలి ఉత్తమ చిత్రం ‘డాక్టర్ చక్రవర్తి’. లేపాక్షి నందిని చిహ్నంగా గ్రహించిన ఆ సంప్రదాయం రాష్ట్ర విభజనానంతరం క్రమం తప్పింది. 2014, 2015, 2016 సంవత్సరాల పురస్కారాలను 2017 నవంబరులో ఒక్కసారిగా ప్రకటించగా వివాదమే మిగిలింది. తెలంగాణలో కొత్త పురస్కారానికి గద్దర్ పేరు పెట్టనున్నట్లు 2024 జనవరి 31న ముఖ్యమంత్రి ప్రకటించారు. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు లభించిన నందిని గద్దర్ తిరస్కరించారన్న సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. సర్కారు బహుమతిని కాదన్న కవి పేరనే సర్కారు బహుమతి వెలసింది! ఇది వ్యంగ్యమని కొట్టివేయనక్కరలేదు. అయితే ఆ పేరు పెట్టుకున్న వేదికకు ఒక బరువు ఉన్నదని మాత్రం గుర్తించాలి.

ఆ రాత్రి అందరి దృష్టీ ఒక ఘట్టంపైనే నిలిచింది. 2024 డిసెంబరులో సంధ్య థియేటరు తొక్కిసలాట దరిమిలా అరెస్టయి, శాసనసభలో ముఖ్యమంత్రి విమర్శకు గురైన అల్లు అర్జున్, ‘పుష్ప 2’కు గాను ఉత్తమ నటుడుగా అదే ముఖ్యమంత్రి చేతులమీదుగా పురస్కారం అందుకొన్నారు. ఆ చిత్రంలోని సంభాషణ ఒకటి చెప్పడానికి ముందు ఆయన ముఖ్యమంత్రి అనుమతి కోరారు. ఎవరికీ తలవంచని పాత్ర మాట పలకడానికి అనుమతి అడగవలసి రావడం మర్యాదే కావచ్చు. కాని ప్రభుత్వ వేదికపై కళాకారుని స్థానమేమిటో దీర్ఘ ప్రసంగాలకన్న ఆ ఒక్క క్షణమే స్పష్టంగా తెలిపింది. నటన ఎందుచేత ఉత్తమమైనదన్న చర్చ ఆ సందడిలో వెనుకబడింది.

ఉత్తమ నటిగా ఎంపికైన నివేదా థామస్ విషయం ఇందుకు మరొక ఉదాహరణ. ‘35 – చిన్న కథ కాదు’ చిత్రంలో ఆమె లెక్కలు రాని కొడుకుకు నేర్పడం కోసం తానే మళ్ళీ లెక్కలు నేర్చుకొనే తల్లి. డిగ్లీపూర్‌లో హిందీనో, బెంగాలీనో, ఇంగ్లీషో విని ఇల్లు చేరే పిల్లవానికి తెలుగులో పాఠం విప్పిచెప్పాలని తాపత్రయపడే తల్లికి ఆ పాత్ర ఎంత దగ్గరిదో వేరే చెప్పనక్కరలేదు. జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ప్రతి విజేతకూ న్యాయనిర్ణేతల ప్రశంసావాక్యం జతపరచే ఆచారం ఉంది. అటువంటి వాక్యాన్నే వేదికపై ముందుగా, నిదానంగా చదివి, ఆ తరువాత ప్రముఖులను ప్రసంగించమని కోరవచ్చు. ఒక్కొక్క విజేతకు రెండు వాక్యాలు చాలు. మధ్యలో వాన వచ్చి బొమ్మ ఆగినా అంతకు ముందే అవి డిగ్లీపూర్ చేరి ఉంటాయి.