తొలిచూలు తల్లికి చేత్తో నేర్పాలి

తొలి కాన్పయి ఇంటికొచ్చిన తల్లిని ముందుగా పట్టుకునే భయం ‘నా పాలు చాలడం లేదేమో’ అన్నది. బిడ్డ ఏడుస్తుంది, చూడవచ్చినవాళ్లు ‘ఆకలేమో’ అంటారు, సాయంత్రానికి ఇంట్లోకి డబ్బాపాలు వస్తాయి. బిడ్డ చీకడం తగ్గితే పాలు ఊరడమూ తగ్గుతుంది కనుక, లేని కొరత నిజంగానే వచ్చిపడుతుంది. తల్లిపాలే మంచివని ఆమెకు తెలియక కాదు. ఆస్పత్రి గోడల నిండా ఆ మాటే. మొదటి రోజుల్లో బిడ్డ కాస్త బరువు తగ్గడం మామూలేననీ, దాదాపు రెండు వారాలకు మళ్లీ పుట్టినప్పటి బరువుకు వస్తుందనీ, అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లో అంతకుమించో మూత్రం పోస్తుంటే సాధారణంగా పాలు అందుతున్నట్టేననీ ఎవరూ చెప్పి ఉండరు. తల్లి తనంతట తాను చూసి తేల్చుకోగలిగే గుర్తులివి. ధైర్యం వీటితోనే వస్తుంది.

అంతకన్నా ముఖ్యం, చేయించి నేర్పడం. ‘నేను చేయగలను’ అన్న నమ్మకానికి అన్నిటికన్నా బలమైన ఆధారం స్వయంగా చేసి నెగ్గిన అనుభవమేనని మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరించాడు. నర్సు తానే బిడ్డను రొమ్ముకు పట్టించి వెళ్లిపోతే పని త్వరగా అవుతుంది గానీ తల్లికి ఏమీ రాదు. తల్లి చేత పట్టించి, బిడ్డ నోరు బాగా తెరుచుకుందా, గడ్డం రొమ్ముకు తగిలిందా అని పక్కన నిలబడి చూడాలి. తప్పితే మళ్లీ పట్టించాలి.

మన అమ్మమ్మలు ఏ తరగతులకు వెళ్లారని అడుగుతారు. వాళ్ల చేతి ఒడుపు విలువైనదే. అయితే ముర్రుపాలు పిండి పారబోయించి తేనె నాకించిందీ ఆ పెద్దరికమే. కొత్త తల్లికి నేర్పేటప్పుడు అమ్మమ్మనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఇలా నేర్పితే లేనిపోని ధీమా పెరిగి ఆస్పత్రికి ఆలస్యంగా తెస్తారన్న అభ్యంతరం ఇంకా గట్టిది. అందుకే బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60 సార్లో అంతకుమించో ఊపిరి తీస్తున్నా వెంటనే బయలుదేరాలన్నది కూడా ఆ పాఠంలో భాగం కావాలి.

2011లో మొదలైన నవజాత శిశు గృహ సంరక్షణ కార్యక్రమం ప్రకారం ఆస్పత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. మంచి ఏర్పాటు. కానీ తొలి కాన్పు పుట్టింట్లో జరిపే మన ఆనవాయితీలో ఆ రోజుల్లో తండ్రి చాలాసార్లు చుట్టపుచూపుగా వచ్చిపోయే మనిషి. ఆ తర్వాత ఊరు కాని ఊళ్లో రాత్రిపూట ఏడ్చే బిడ్డను ఎత్తుకోవాల్సింది తల్లీతండ్రీ ఇద్దరే. కాబట్టి డిశ్చార్జికి ముందే అతని చేత కూడా బిడ్డను ఎత్తించి, గుడ్డ మార్పించి, తేన్పు తీయించి పంపాలి.