వదిలిన పాదం

రాసుకునే కవికి కొట్టివేత ఉంది. అవధానికి లేదు. పాదం ఒకసారి సభ చెవిన పడిందంటే ఇక వెనక్కి తీసుకోవడం కుదరదు. అష్టావధానం అనగానే ధారణను, పాండిత్యాన్ని మెచ్చుకుంటాం. ఆ రెంటినీ నడిపించేది గుండెనిబ్బరమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

చుట్టూ ప్రశ్నలు వేసే ఎనిమిదిమంది పృచ్ఛకులు. అవధాని ఒకరి పద్యం పూర్తిచేసి రెండోవారి దగ్గరికి వెళ్లడు. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో ఆవృత్తికి ఒక్కో పాదమే చెబుతాడు. అందరినీ చుట్టి వచ్చేసరికి తర్వాతి పాదం నోట ఉండాలి. ఈలోగా అప్రస్తుత ప్రసంగి ఏదో కొంటె ప్రశ్న వేస్తాడు, గంట మోగుతుంది, ఆ గంటల లెక్కా తప్పకూడదు. వృత్తానికైనా కందానికైనా ప్రాస నియమం ఉంది కదా! మొదటి పాదంలో రెండో అక్షరం ఏ హల్లయితే మిగతా మూడింటా అదే రావాలి. ఇంకా పుట్టని మూడు పాదాలకు అవధాని ముందే మాట ఇచ్చేస్తున్నాడన్నమాట.

అక్షరం అక్షరానికీ పృచ్ఛకుడు ఏదో ఒక హల్లు వద్దనే నిషిద్ధాక్షరిలో ఇది కళ్లెదుటే జరుగుతుంది. సరస్వతి మీద కందం అడిగారనుకుందాం. అవధాని ‘శ్రీ’ అంటాడు. ‘శ్రీరమ్య’ అనబోతాడేమోనని పృచ్ఛకుడు ‘ర’ వద్దంటాడు. అవధాని ‘వా’ అంటాడు. ‘శ్రీవాణి’ వస్తుందని పసిగట్టి ‘ణ’ నిషేధిస్తాడు పృచ్ఛకుడు. ‘గ్దే’ అంటాడు అవధాని. శ్రీవాగ్దేవి! దారి దొరికింది. కానీ అప్పటికే రెండు షరతులు పడిపోయాయి: ప్రాస వకారం, పైగా నాలుగు పాదాలూ గురువుతోనే మొదలవ్వాలి. వకారానికి మాటల కరువు లేదు కాబట్టి ఇది అదృష్టమే.

సమస్యాపూరణలో ప్రాసను ఎంచుకునే వీలూ ఉండదు, ఆఖరి పాదం ఎదుటివాడిది. రణం కోరినవాడికే శాంతి అని సమస్య ఇస్తే, ముందు పాదాన్ని ‘హరిచ’ దగ్గర ఆపి అవధాని దాన్ని ‘హరిచరణం’ చేసేస్తాడు. మూడక్షరాలతో అర్థం తలకిందులు! అందులో చమత్కారం కన్నా, వికారమైన వాక్యం వినగానే బెదరకుండా దాని అతుకులు వెతికే తీరు నాకు ముచ్చట.

ఈ నిబ్బరాన్ని సవాలుగా మార్చినవారు తిరుపతి వేంకట కవులు. మీసాలెందుకని అడిగినవారికి, తమను గెలిచిన కవి ఉంటే ఈ మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే జవాబిచ్చారు. నూరుమంది పృచ్ఛకులతో శతావధానాలు చేసిన జంట మరి!

అవధాన పద్యం కవిత్వమా, కసరత్తా అన్న వాదం పాతదే. చాలా పద్యాలు ఆ సాయంత్రం దాటి బతకవన్నది నిజం. అయితే అదే జంట రాసిన పాండవోద్యోగ విజయాల పద్యాలు నాటకాల పుణ్యమా అని చదువురానివాళ్ల నోళ్లలోనూ ఆడాయి. వాటిలోని తడబాటెరుగని నడక సభల్లో అలవడిందేనని నా నమ్మకం. ఆ జంటలో తిరుపతి శాస్త్రి 1920లో కన్నుమూశారు. ఆ తర్వాత చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఒంటరిగా రాసినవాటిని కూడా జంట పేరుతోనే ప్రకటించారు.