విడుదలైన మనిషి, తేలని ప్రశ్న
ముహమ్మద్ అలీ కేసు తీర్పుపై ఒక విమర్శ

1971 జూన్ మాసంలో అమెరికా సుప్రీం కోర్టు మూడు తీర్పులు వెలువరించింది. జూన్ 7న, నిర్బంధ సైనిక సేవను తిడుతూ ఒక బూతుమాట రాసిన కోటు తొడుక్కుని లాస్ ఏంజిలిస్ కోర్టు వరండాలో తిరిగిన యువకుని శిక్షను 5-4 ఆధిక్యంతో కొట్టివేసింది. జూన్ 30న, వియత్నాం యుద్ధానికి సంబంధించిన రహస్య పత్రాలను 'న్యూయార్క్ టైమ్స్', 'వాషింగ్టన్ పోస్ట్' ప్రచురించకుండా ఆపాలన్న ప్రభుత్వ ప్రయత్నాన్ని 6-3 ఆధిక్యంతో తిరస్కరించింది. ఈ రెండింటి నడుమ, జూన్ 28న, సైన్యంలో చేరనన్నందుకు ముహమ్మద్ అలీకి పడిన అయిదేళ్ళ జైలుశిక్షను 8-0తో రద్దుచేసింది.

మొదటి రెండు తీర్పులను న్యాయశాస్త్ర విద్యార్థులు వాక్ స్వాతంత్ర్యానికి ఆధారస్తంభాలుగా చదువుకుంటారు. మూడవదానిని మనం ఎక్కువగా తలచుకుంటాం. అమెరికా ప్రభుత్వాన్ని అమెరికా న్యాయస్థానంలోనే ఒక ముస్లిం ఓడించాడన్న సంతోషం మనలో చాలామందికి ఉన్నది. ఆ సంతోషం తప్పు కాదు. కాని తీర్పును ఆసాంతం చదివినవారికి మరొక విషయం కూడా కనిపిస్తుంది. మనిషి విడుదలయ్యాడే గాని, అతడు లేవనెత్తిన ప్రశ్నకు జవాబు రాలేదు. ఆ జవాబు ఎందుకు రాలేదో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటకు పడిన శిక్ష

అలీ సైన్యంలో చేరడానికి నిరాకరించినది 1967 ఏప్రిల్ 28న, హ్యూస్టన్ నగరంలో. అతనిపై శిక్షలు మాత్రం అంతకు ఏడాది ముందే మొదలైనవి. మొదట పరీక్షలో తప్పి సైనిక సేవకు అర్హుడు కాదనిపించుకున్న అలీని, 1966 ఫిబ్రవరిలో ప్రమాణాలు సడలించి అర్హుల జాబితాలోకి మార్చారు. అప్పుడతడు వియత్నాం యుద్ధాన్ని తప్పుపడుతూ విలేకరుల ముందు మాట్లాడాడు. పత్రికలు, రాజకీయ నాయకులు మండిపడ్డారు. చికాగోలో అతనికి ఏర్పాటైన పోటీ ఉన్నది. ఇల్లినాయ్ రాష్ట్ర అధికారులు పిలిపించి క్షమాపణ అడిగారు. అతడు చెప్పలేదు. పోటీ అక్కడ జరగలేదు. అప్పటికి అతడు ఏ చట్టాన్నీ ఉల్లంఘించలేదన్నది గమనార్హం.

హ్యూస్టన్‌లో నిరాకరించిన నాడే న్యూయార్క్ రాష్ట్ర క్రీడా కమిషన్ అతని లైసెన్సును నిలిపివేసి, ప్రపంచ విజేతగా గుర్తింపును ఉపసంహరించింది. అప్పటికి అభియోగపత్రం కూడా దాఖలు కాలేదు. జూన్ 20న న్యాయస్థానం అయిదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా విధించింది. అప్పీలు తేలేవరకు జామీనుపై బయట ఉన్నా, పాస్‌పోర్టు లేనందున విదేశాలకు పోలేడు. లైసెన్సు లేనందున స్వదేశంలో పోటీ చేయలేడు. కాలేజీలలో ఉపన్యాసాలిస్తూ గడుపుకున్నాడు. 1967 మార్చి నుంచి 1970 అక్టోబరు వరకు, అంటే ఒక ముష్టియోధుని జీవితంలో మేలైన మూడున్నర సంవత్సరాలకు పైగా అతడు బరిలో దిగలేదు.

1970 సెప్టెంబరులో న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం ఈ అన్యాయంలోని ఒక భాగాన్ని బట్టబయలు చేసింది. హత్య, దోపిడీ వంటి నేరాలలో శిక్షపడినవారికి, సైన్యం నుంచి పారిపోయినవారికి సైతం అదే కమిషన్ లైసెన్సులు ఇచ్చినట్లు రికార్డులు తెలిపాయి. అందుచేత అలీ ఒక్కడికే నిరాకరించడం ఇష్టారాజ్యమని, సమానత్వపు హక్కుకు భంగమని న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ తీర్పు చెప్పారు. చట్టం దృష్టిలో అలీ నేరం సైన్యంలో చేరకపోవడమే. కమిషన్ సహించలేనిది అతని మాటలనని ఈ తేడాను బట్టి ఊహించవచ్చు.

తీర్పులో ఉన్నది ఏమిటి?

నాటి చట్టం ప్రకారం సైనిక సేవ నుంచి అంతరాత్మ ప్రబోధం పేరిట మినహాయింపు కోరేవాడు మూడు విషయాలు రుజువుచేయాలి. అతడు ఏ రూపంలోని యుద్ధాన్నయినా వ్యతిరేకించాలి. ఆ వ్యతిరేకత మతశిక్షణ నుంచి, మతవిశ్వాసం నుంచి పుట్టినదై ఉండాలి. అందులో చిత్తశుద్ధి ఉండాలి. 1966 ఆగస్టులో అలీని విచారించిన లారెన్స్ గ్రామన్ అనే విశ్రాంత న్యాయమూర్తి, ఇతడు చిత్తశుద్ధి కలవాడని నివేదించి మినహాయింపు ఇవ్వవలసిందిగా సిఫారసు చేశారు. న్యాయ శాఖ ఆ సిఫారసును పక్కనపెట్టి, మూడు విషయాలలోనూ అలీ విఫలుడయ్యాడని అప్పీలు బోర్డుకు లేఖ రాసింది. బోర్డు కారణమేదీ చూపకుండా దరఖాస్తును త్రోసిపుచ్చింది.

సుప్రీం కోర్టుకు వచ్చేసరికి ప్రభుత్వ న్యాయవాదులే ఒక మెట్టు దిగివచ్చారు. అలీ నమ్మకం మతసంబంధమైనదేనని, చిత్తశుద్ధి కూడా ఉన్నదని ఒప్పుకున్నారు. అంటే లేఖలోని మూడు కారణాలలో రెండు తప్పని తేలినవి. బోర్డు ఏ కారణంపై ఆధారపడినదో కాగితంలో లేదు. ఆ తప్పు కారణాలపైనే ఆధారపడలేదని ఎవరూ చెప్పలేరు గనుక శిక్ష నిలువదని కోర్టు నిర్ణయించింది. రచయిత పేరులేని ఆ చిన్న తీర్పు సారాంశం ఇంతే.

పాఠకులు గమనించవలసినది తీర్పులో లేని దానిని. మొదటి కారణం, అంటే కొన్ని యుద్ధాలనే వ్యతిరేకించేవానికి మినహాయింపు ఉన్నదా అన్న ప్రశ్న, ముట్టుకోకుండా వదిలివేయబడినది. యుద్ధాన్ని విమర్శించినందుకు రాష్ట్ర ప్రభుత్వాలు ఒక పౌరుని బ్రతుకుతెరువు లాగివేయవచ్చునా అన్న ప్రశ్న ఆ కోర్టు ముందుకే రాలేదు. తీర్పు శీర్షికలో కూడా అతని పేరు క్లే అనే ఉన్నది. ముహమ్మద్ అలీ అన్నది మారుపేరుగా పక్కన చేర్చబడినది. అతడు ఆ పేరు స్వీకరించి అప్పటికి ఏడేళ్ళు దాటినవి. న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం తన తీర్పును ముహమ్మద్ అలీ పేరుతోనే నమోదు చేసిందన్న విషయాన్ని దీని పక్కన పెట్టి చూడాలి.

ప్రశ్నను తప్పించుకున్నది ఎందుకు?

దీనికి కారణం మూడు నెలల క్రితపు తీర్పులో ఉన్నది. 1971 మార్చి 8న, అలీ జో ఫ్రేజియర్ చేతిలో ఓడిపోయిన రోజునే, సుప్రీం కోర్టు మరొక ముఖ్యమైన కేసు తేల్చింది. లూయీ నెగ్రే అనే కేథలిక్ సైనికుడు, తన మతం యుద్ధాలను న్యాయమైనవిగా, అన్యాయమైనవిగా విభజిస్తుందని, వియత్నాం యుద్ధం అన్యాయమైనదని, కనుక తాను పాల్గొనలేనని వాదించాడు. అన్ని యుద్ధాలనూ వ్యతిరేకించేవానికే మినహాయింపు అని 8-1 ఆధిక్యంతో కోర్టు చెప్పింది. ఒక్క న్యాయమూర్తి విలియం డగ్లస్ మాత్రమే విభేదించారు.

ఈ తీర్పు నిలిచి ఉండగా అలీని సూత్రం ప్రకారం విడిపించడం కష్టం. అల్లాహ్ ఆజ్ఞ లేని యుద్ధంలో ముస్లిం పాల్గొనడని అతడు చెప్పాడు. అంటే ఆజ్ఞ ఉన్న యుద్ధంలో పాల్గొంటాడని ప్రభుత్వం వాదించింది. 1979లో వెలువడిన 'ది బ్రెద్రెన్' అనే పుస్తకం కోర్టు లోపలి కథనాన్ని ఇలా చెబుతుంది: మొదట 5-3తో శిక్షను ఖాయం చేయాలనుకున్నారు, తీర్పు రాయవలసిన న్యాయమూర్తి హార్లన్ మనసు మార్చుకోవడంతో 4-4 అయింది, సమానంగా చీలితే కారణం చెప్పకుండానే అలీ జైలుకు పోవలసివస్తుంది గనుక న్యాయమూర్తి స్టీవర్ట్ ఈ కాగితపు లోపం దారిని సూచించారు. న్యాయమూర్తి తర్‌గుడ్ మార్షల్, ఈ కేసు కాలంలో ప్రభుత్వ పక్షాన పనిచేసినవారు కావడంతో, పాల్గొనలేదు. ఆ పుస్తకం పేరు చెప్పని వ్యక్తుల మాటలపై ఆధారపడినది. దానిని కోర్టు రికార్డుతో సమానంగా చూడలేము. కాని తీర్పు రూపం ఆ కథనంతో చక్కగా పొసగుతున్నది.

జిహాద్‌పై ఒక న్యాయమూర్తి వ్యాఖ్య

విశ్వాసం గురించి విస్తారంగా మాట్లాడినది డగ్లస్ ఒక్కరే. ఆయన ప్రత్యేక అభిప్రాయంలో దివ్య ఖుర్ఆన్‌ను 1734 నాటి జార్జ్ సేల్ ఆంగ్లానువాదం నుంచి ఉదాహరించారు. జిహాద్ అంటే యుద్ధం ఒక్కటే కాదని, హృదయంతో, నాలుకతో, చేతితో కూడా జరుగుతుందని అంగీకరించారు. ముందుగా దాడి చేయరాదన్న ఆదేశాన్ని కూడా ప్రస్తావించారు. కేథలిక్కుల న్యాయయుద్ధ సిద్ధాంతానికి ముస్లింలలో సమానమైనది జిహాద్ అని, నెగ్రేనూ అలీనీ ఒకే తక్కెడలో తూచి ఇద్దరినీ విడిచిపెట్టాలని అన్నారు. నాటి అమెరికాలో ఈ మాట అనడానికి ధైర్యం కావాలి.

అయితే సారాంశం చెప్పేటప్పుడు ఆయన ఆ హద్దులను మరచిపోయారు. అలీ నమ్మేది అవిశ్వాసులపై జరిగే మతయుద్ధాన్ని మాత్రమేనని తేల్చివేశారు. ముందుగా దాడి చేయరాదన్న షరతు తొలగిస్తే జిహాద్ అర్థమే తారుమారవుతుంది. పైగా ఆనాడు అలీ అనుసరించినది ఎలైజా ముహమ్మద్ నాయకత్వంలోని 'నేషన్ ఆఫ్ ఇస్లాం'ను. దైవదౌత్యం గురించి, జాతుల గురించి ఆ సంస్థ బోధలు యావత్తు ముస్లింలు అంగీకరించే ఇస్లాం బోధలు కావు. 1975లో ఎలైజా మరణానంతరం ఆయన కుమారుడు సంస్థను సున్నీ మార్గం వైపు మళ్ళించినపుడు అలీ ఆయన వెంట నడిచాడు. ఒక యువకుని సాక్ష్యం నుంచి ఒక మతం యుద్ధనీతిని రాబట్టడం సరికాదు.

అయినా డగ్లస్ చేరిన గమ్యం సరైనదే. ఒకని విశ్వాసం పండితుల ప్రమాణాలకు సరిపోతుందా లేదా అన్నది ప్రభుత్వం తేల్చవలసిన విషయం కాదు. ప్రభుత్వం ఒక పౌరుని మతానికి వ్యాఖ్యాతగా మారిన నాడు, ఆ వ్యాఖ్య అతనికి అనుకూలమైనా ప్రమాదమే.

రెండు వాదాలు

కోర్టును సమర్థించేవారి వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. చిన్న కారణంతో పని జరిగేచోట పెద్ద సూత్రాలు పలకకపోవడం న్యాయమూర్తుల సంప్రదాయం. సూత్రం కోసం పట్టుపట్టి ఉంటే అలీ జైలులో ఉండేవాడేమో. ఒక మనిషి స్వేచ్ఛ ముందు సిద్ధాంత పరిపూర్ణత చిన్నదే.

కాని ఆ కోర్టే అవసరమైనపుడు సూటిగా మాట్లాడింది. జూలియన్ బాండ్ అనే నల్లజాతి యువకుడు జార్జియా శాసనసభకు ఎన్నికైతే, యుద్ధాన్ని ఖండించే ప్రకటనను సమర్థించినందుకు 1966 జనవరిలో ఆ సభ 184-12తో అతనిని చేర్చుకోలేదు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా ఆ చర్యను కొట్టివేసి, యుద్ధాన్ని విమర్శించే హక్కు రాజ్యాంగ మొదటి సవరణలో ఉన్నదని ప్రకటించింది. ఆ తీర్పును తరువాతివారు తమ హక్కుకు ఆధారంగా చూపగలరు. అలీ తీర్పును చూపి ఏ ముస్లిం గాని, ఏ నల్లజాతి క్రీడాకారుడు గాని అటువంటి హక్కు అడగలేడు. అది చెప్పేదల్లా, బోర్డు తన కారణం స్పష్టంగా రాయవలసి ఉండెనని మాత్రమే.

ఫలితం తరువాత కనిపించింది. 2005లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ అలీకి ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందజేశారు. అలీ 2016లో మరణించాడు. 2018లో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అతనికి క్షమాభిక్ష ప్రసాదించే ఆలోచన ఉన్నదని అన్నారు. శిక్ష 1971లోనే రద్దయినది, క్షమించడానికి నేరమేదీ మిగలలేదని అలీ తరఫు న్యాయవాది గుర్తుచేయవలసి వచ్చింది. నలభై ఏడేళ్ళ తరువాత దేశాధ్యక్షునికే ఆ సంగతి తెలియలేదంటే, ఆ తీర్పు ప్రజల మనసులో ఎంత తేలికగా నిలిచినదో అర్థమవుతుంది.

మనకు దీనిలో ఒక పాఠం ఉన్నది. అమెరికా వాక్ స్వాతంత్ర్యమంతా బూటకమని ఈసడించేవారు బాండ్ తీర్పును చదవాలి. అది సర్వులకూ సమానంగా అందే వరమని పొగిడేవారు అలీ కోల్పోయిన మూడున్నరేళ్ళను లెక్కలోకి తీసుకోవాలి. ఒక జాతిపట్ల ద్వేషం మిమ్మల్ని న్యాయం నుంచి తప్పించరాదన్నది ఖుర్ఆన్ ఆదేశం. అలీ హక్కును ఎంత పట్టుదలగా అడుగుతామో, మనకు గిట్టని మాట పలికేవాని హక్కును కూడా అంత పట్టుదలగా అడగగలమా? ఈ ప్రశ్న అమెరికా న్యాయమూర్తులకే కాదు, మనకు కూడా వర్తిస్తుంది.