కిర్రుమన్న నట్టు

తుప్పు పట్టిన నట్టు పట్టు వదిలేటప్పుడు చప్పుడు చేస్తుంది. ‘టక్’మని ఒక్కసారి పగిలినట్టు వినిపిస్తే గండం గడిచినట్టే. కిర్రుకిర్రుమంటూ కదిలినా ఫర్వాలేదు. కానీ పానా చప్పుడు లేకుండా, పాకంలో గరిటె తిరిగినట్టు మెత్తగా తిరుగుతుంటే మాత్రం చెయ్యి తీసెయ్యాలి. అప్పుడు తిరుగుతున్నది నట్టు కాదు, లోపల మెలిపడుతున్న స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర ఉన్న కడ్డీ.

ఈ సంగతి నాకు స్టడ్డు విరిగాక తెలిసింది. ఉప్పాడ దారిలో చుట్టాల ఇంటి దగ్గర ఏడాది పాటు కదలకుండా ఉన్న నా పాత కారు. వెనక టైరు నేలకి అతుక్కుపోయింది. ఎల్ ఆకారపు పానా తగిలించి, చేత్తో రాకపోయేసరికి దాని మీదికెక్కి తొక్కాను. మెత్తగా తిరిగింది. సంబరపడేలోగా నట్టూ, అందులో ఇరుక్కున్న స్టడ్డు ముక్కా కలిసి కాళ్ల దగ్గర పడ్డాయి.

మిగిలిన మూడింటి కోసం కాకినాడ నుంచి ఓ పంక్చర్ షాపు మేస్త్రిని పిలిపించాం. అరవై దాటిన మనిషి. ఆయన ముందు పానా తియ్యలేదు, కూర్చుని చూశారు. “సముద్రం గాలండీ బాబూ ఇది. ఉప్పు లోపలికెళ్లి కాపురం పెట్టేసింది,” అన్నారు.

ఆ మాటలో లెక్క ఉంది. ఉప్పు గాలిలోని తేమను లాగి మర సందుల్లో నిలబెడుతుంది, ఇనుము తుప్పుగా మారే పనిని తొందర చేస్తుంది. ఇనుము తుప్పయితే సన్నబడుతుందనుకుంటాం గానీ, ఆ తుప్పు ఆక్రమించే చోటు మాత్రం అసలు ఇనుముకి రెండింతల నుంచి ఆరింతల దాకా ఉంటుంది. నట్టుకీ స్టడ్డుకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో అది ఉబ్బి, మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుంటుంది. దాని మీద బలం చూపించడమంటే ఆ మేకుతో కుస్తీ పట్టడమే.

మేస్త్రి కుస్తీ పట్టలేదు. హ్యాండ్ బ్రేకు వేయించి, మిగతా చక్రాల కింద రాళ్లు పెట్టించారు. జాకీ ఎత్తనివ్వలేదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చెయ్యాలి; పైకి లేపాక బలంగా లాగితే బండి జాకీ మీంచి జారుతుంది. తర్వాత వైరు బ్రష్షుతో బయటికి కనిపించే మర కొసలన్నీ రుద్దారు. అందరం వదిలేసే పని ఇదే. ఆ మట్టీ తుప్పూ పోకుండా నట్టు తిప్పితే అవే మరలోకి దూరి మళ్లీ పట్టేస్తాయి.

సీసాలోంచి డీజిలూ పల్చటి నూనే కలిపిన మందు చుక్కలు చుక్కలుగా వేశారు. ఒకప్పుడు కిరసనాయిలే వాడేవారట. నేను గొప్పగా డబ్ల్యూడీ-40 డబ్బా అందించాను. 1953లో అమెరికాలోని శాన్ డియేగోలో అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా తయారు చేసిన సరుకు అది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని ఆ అంకె. అసలు పని తేమను తరిమెయ్యడం. ఆయన తీసుకుని పక్కన పెట్టారు, కాదనలేదు, వాడనూ లేదు.

నూనె పోశాక చిన్న సుత్తితో నట్టు ఆరు ముఖాల మీదా వరసగా కొట్టారు. గట్టిగా కాదు, కొబ్బరికాయ పగలగొట్టే ముందు తట్టి చూసినట్టు. ఆ అదురుకి తుప్పు పొర నెర్రెలిస్తుంది, నెర్రెల్లోంచి నూనె లోపలికి పోతుంది. “ఇహ టీ తాగి రండి,” అన్నారు. అరగంట తర్వాత ఆరు పలకల సాకెట్టు తొడిగి, నేను కలలో కూడా అనుకోని పని చేశారు: నట్టుని ముందు బిగించే వైపుకి, వెంట్రుకవాసి, తిప్పారు. టక్. అప్పుడు వెనక్కి. పావు చుట్టు ఊడదీసి, మళ్లీ కాస్త బిగించి, మళ్లీ ఊడదీసి, మధ్యలో ఓ నూనె చుక్క. మూడూ వచ్చాయి.

పలకలు అరిగి గుండ్రమైపోయిన నట్టుకి వేరే వైద్యం: ఓ సైజు చిన్న సాకెట్టుని దాని మీద సుత్తితో దిగ్గొట్టి తిప్పడం, అదీ కాకపోతే ఉలితో నట్టుని చీల్చడం. గ్యాస్ మంట పెడితే ఎంత మొండి నట్టయినా వదులుతుంది. కానీ టైరు ఉన్న చక్రానికి మంట చూపించకూడదు. లోపలి రబ్బరు వేడికి వాయువులుగా మారి, బయటికి ఏమీ కనిపించకుండానే టైరు బాంబులా పేలుతుంది. పైగా ఎర్రగా కాలిన స్టడ్డుకి పదును పోతుంది, దాన్ని పారెయ్యాల్సిందే.

విరిగిన స్టడ్డు మార్చడం నేను భయపడినంత పెద్ద పనేం కాదు. వెనక డ్రమ్ము విప్పి, ముక్కని బయటి నుంచి లోపలికి సుత్తితో కొడితే ఊడిపోయింది. కొత్తదాన్ని వెనక నుంచి దూర్చి, వాషర్లు వేసి, నట్టుని తిరగేసి బిగిస్తే, మెడ మీది గాళ్లు హబ్బుని కరుచుకుంటూ స్టడ్డు దానంతటదే చోటులోకి వచ్చి కూర్చుంది.

అసలు తగువు బిగింపు దగ్గర వచ్చింది. నా కారు పుస్తకంలో 85 న్యూటన్ మీటర్లని ఉంది. అంటే అడుగు పొడవు పానా చివర 28 కిలోల బరువు వేలాడదీసినంత. 70 కిలోల మనిషి దాని మీద నిలబడితే అంతకి రెండున్నర రెట్లు. గాలి గన్నుతో బర్రుమని బిగించే షాపుల్లో ఎంతవుతుందో ఎవరూ కొలవరు. నా నట్లు సగం అక్కడే చెడ్డాయని నా అనుమానం. మేస్త్రి మర మీద వేలికొసతో గ్రీజు రాయబోతే నేను అడ్డం పడ్డాను. మనం పెట్టే బలంలో నూటికి 90 పాళ్లు రాపిడికే ఖర్చవుతుంది, స్టడ్డుని సాగదీసి చక్రాన్ని పట్టుకునేది మిగతా పదే. గ్రీజు రాపిడిని తగ్గిస్తే, అదే లెక్క బిగింపుకి స్టడ్డు ఎక్కువ సాగిపోతుంది. అందుకే చాలా కంపెనీలు మర పొడిగానే ఉండాలంటాయి. ఆయన ఇదంతా విని, “కంపెనీవాళ్లు ఉప్పాడలో ఉంటారేంటండీ?” అన్నారు.

పుస్తకం వైపే ఉన్నాను గానీ, ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చివరికి మధ్యే మార్గం: చక్రం ఆనే హబ్బు నడిమి అంచుకి పల్చగా గ్రీజు, మరకీ నట్టు కూర్చునే ఏటవాలు గుంటకీ ఏమీ లేదు. నట్లు వేళ్లతోనే చివరిదాకా ఎక్కించి, ఎదురెదురుగా బిగించారు.

యాభై కిలోమీటర్లు తిరిగాక షాపుకి రమ్మన్నారు. వెళ్తే పానా తగిలించి చూశారు. పాత మూడూ కదల్లేదు. కొత్త స్టడ్డు మీది నట్టు ఇంకాస్త లోపలికి తిరిగి ఆగింది.