మూడు పులి కథలు: ప్రాథమిక తరగతిలో భద్రతాబోధన

వ్యాససంగ్రహం

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల భద్రతపై ప్రత్యేక పాఠాలు రాకముందే తెలుగు బాలలకు అపాయాన్ని పరిచయం చేసినవి కథలు. ‘ముసలి పులి – బాటసారి’, ‘ఆవు – పులి’, ‘నాన్నా! పులి’ అనే మూడు కథలను తరగతిగదిలో బోధించే తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూడింటిలోనూ నీతిభారం అపాయానికి గురైనవారిపైనే పడుతోందని, అది నేటి భద్రతాబోధనకు ఆటంకమవుతోందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, నీతికథ, పిల్లల భద్రత, ప్రాథమిక విద్య, పోక్సో చట్టం.

1. ఉపోద్ఘాతం

రోడ్డు దాటేటప్పుడు ఇరువైపులా చూడాలని, తడిచేతులతో స్విచ్చి ముట్టుకోరాదని, చెరువు దగ్గరికి ఒంటరిగా వెళ్ళరాదని చిన్నపిల్లలకు చెప్పడం సులభమే. ఇవన్నీ వస్తువులవల్ల, స్థలాలవల్ల కలిగే అపాయాలు. మనిషివల్ల కలిగే అపాయాన్ని చెప్పవలసి వచ్చినప్పుడే ఉపాధ్యాయుడు తడబడతాడు. ఆ చోట సంప్రదాయం అందించిన సాధనం కథ. కథలో మనిషికి బదులు నిలిచే జంతువు పులి. అయితే కథ ముగిశాక “ఇందులోని నీతి ఏమిటి?” అనే ప్రశ్నకు ఒకే జవాబు స్థిరపడిపోయింది. ఇక్కడ విమర్శకు గురవుతున్నది కథ కాదు, ఆ జవాబు.

2. ముసలి పులి – బాటసారి

పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) మిత్రలాభంలో చిత్రగ్రీవుడు చెప్పే కథ ఇది. పులి దర్భలు చేతబట్టి, బంగారు కంకణం చూపి, తన వార్ధక్యాన్నీ ధర్మబుద్ధినీ చాటుకుంటుంది. బాటసారి మొదట సందేహించి, తరువాత నమ్మి, బురదలో దిగబడి ప్రాణం కోల్పోతాడు. తరగతిగదిలో దీని సారం “అత్యాశ తగదు” అనే రెండు మాటలకు కుదించుకుపోయింది.

కథలో అంతకన్నా లోతైన ఎరుక ఉంది. పులి గెలిచింది కంకణంతో మాత్రమే కాదు, పెద్దరికంతో కూడా. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లలపై లైంగిక వేధింపులకు పాల్పడినవారిలో సుమారు సగంమంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకమైన స్థానాల్లో ఉన్నవారేనని అది తేల్చింది. “కొత్తవారు చాక్లెట్ ఇస్తే తీసుకోవద్దు” అనే హెచ్చరిక కంకణాన్ని మాత్రమే గుర్తిస్తుంది, దర్భలను గుర్తించదు.

3. ఆవు – పులి

అనంతామాత్యుని ‘భోజరాజీయము’ ద్వారా తెలుగులో ప్రసిద్ధమైన కథ ఇది. దూడకు పాలిచ్చి, బుద్ధులు చెప్పి, ఇచ్చిన మాటకు కట్టుబడి ఆవు పులి దగ్గరికి తిరిగి వస్తుంది. ఆ సత్యనిష్ఠకు పులి కరిగిపోతుంది. సత్యవాక్పాలనకు ఇంతటి హృద్యమైన కావ్యరూపం అరుదు.

కాని ఏడేళ్ళ పిల్ల ఈ కథనుంచి గ్రహించే అంశం మరొకటి ఉండవచ్చు: భయపెట్టినవారికి ఇచ్చిన మాట కూడా తప్పరాదు. పిల్లలను వేధించేవారు మొదట కోరేది ఈ మాటనే. “ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి” అన్న క్షణంలో పిల్లలలోని సత్యనిష్ఠే వారికి సంకెల అవుతుంది. ప్రాణమానాలకు ముప్పు వచ్చినప్పుడు బొంకినా దోషం లేదని శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి చెప్పిన ఘట్టం పోతన భాగవతంలో ఉంది. అయినా సంప్రదాయం కీర్తించింది ఆ సలహాను కాదన్న బలినే. పిల్లల లోకం మాత్రం తనకు తానే ఒక వెసులుబాటు కల్పించుకుంది. “ఒట్టు తీసి గట్టున పెట్టు” అనే వాడుకమాట అదే. రహస్యపు ఒట్టునుంచి పిల్లలను విడిపించడానికి ఉపాధ్యాయుడికి ఇంతకంటె సహజమైన పలుకుబడి దొరకదు.

4. నాన్నా! పులి

ఈసపు కథలోని తోడేలు తెలుగులో పులి అయింది. అంతకంటె ముఖ్యమైన మార్పు మరొకటి ఉంది. మూలకథలో పిల్లవాడు కేకవేసేది ఊరివారిని. బాగా ప్రచారంలో ఉన్న తెలుగు కథలో తండ్రిని. ఊరివారు విసిగి రాకపోవడం లోకరీతి. తండ్రి రాకపోవడం అలాంటిది కాదు. అయినా బోధన ఈ భేదాన్ని పట్టించుకోలేదు. “అబద్ధమాడితే నిజం చెప్పినా నమ్మరు” అనే పాతనీతినే నిలబెట్టింది. అడవి అంచున పసివాణ్ణి ఒంటరిగా ఎందుకు ఉంచారని గాని, మూడోసారి నాన్న ఎందుకు రాలేదని గాని తరగతిలో ప్రశ్న రాదు.

2012 నాటి పోక్సో చట్టం ఈ నీతిని తలకిందులు చేసింది. నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చునన్న ఆందోళన ఉన్నా పోలీసులకు తెలియజేయడం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి వ్యక్తి విధి. నేరం జరిగిందని తెలిసీ తెలియజేయకపోతే 21వ సెక్షన్ ప్రకారం శిక్షార్హం. 22వ సెక్షన్ మరింత గమనార్హం: పిల్లలు అబద్ధపు ఫిర్యాదు చేసినా వారికి శిక్ష విధించరాదు. అంటే, రెండుసార్లు ఉత్తుత్తి కేక వేసిన పిల్లవాడికి మూడోసారీ కేకవేసే హక్కు ఉంది. వినవలసిన బాధ్యత పెద్దలది.

5. అభ్యంతరం – సమాధానం

సత్యాన్ని, నిర్లోభాన్ని బోధించే కథలను భద్రత అనే కొలతతో తూచడం అన్యాయమన్న అభ్యంతరం రావచ్చు. కావ్యంగా చదివినప్పుడు ఆ మాట ఒప్పుకోదగినదే. కాని బడిలో ఈ కథలు ప్రవర్తనాసూత్రాలుగా అందుతున్నాయి. ఒకే రోజు ఉదయం ‘నాన్నా! పులి’ చెప్పి, మధ్యాహ్నం “ఎవరైనా ఇబ్బంది పెడితే పెద్దలకు చెప్పండి, 1098కు ఫోన్ చేయండి” అంటే, రెండో మాటను మొదటి కథ ముందే బలహీనపరుస్తుంది. తన మాట నమ్మరేమోనన్న భయమే పిల్లల నోరు నొక్కేస్తుంది.

6. ముగింపు

బాటసారి ఆశ, ఆవు సత్యం, పిల్లవాడి అబద్ధం: మూడు కథల్లోనూ విచారణకు నిలిచింది బాధితులే. పులి స్వభావం ప్రకృతిధర్మంగా, పెద్దల గైర్హాజరు సహజంగా మిగిలిపోయాయి. ఈ కథలను పాఠ్యక్రమంనుంచి తొలగించనక్కరలేదు. చివరి ప్రశ్నను మార్చితే చాలు. “పులి ఏ మాటలతో నమ్మించింది?”, “భయంతో ఇచ్చిన మాట మాటేనా?”, “నాన్న వచ్చి ఉంటే ఏం జరిగేది?” అని అడిగిన తరగతిలో పిల్లలు నీతిని వల్లెవేయరు, ఆలోచిస్తారు. భద్రతాబోధనలో సగం పాఠం పిల్లలది; మిగిలిన సగం, కేక వినగానే పరుగెత్తవలసిన నాన్నది.