నొక్కిన ప్రతి బటనుకూ ఒక లెక్క

గణాంకాలతో పనిచేసేవాళ్ళ మధ్య ఒక పంక్తిభేదం నడుస్తూ ఉంటుంది. కోడ్ రాసి గ్రాఫులు గీసేవాళ్ళది పై పంక్తి. మెనూ తెరిచి, మౌసుతో నొక్కి గీసేవాళ్ళది కింది పంక్తి. సదస్సులో ఎవరైనా "ఈ గ్రాఫు ఎందులో గీశారండీ?" అని అడిగితే, ఆర్‌లోనో పైథాన్‌లోనో అని చెప్పేవారి గొంతు కాస్త లేస్తుంది. ఎక్సెల్‌లో అని చెప్పాల్సి వస్తే అదే గొంతు తగ్గుతుంది. నేను రెండు పంక్తుల్లోనూ కూర్చున్నవాణ్ణే. కోడ్ రాయడం వచ్చు. అయినా కొత్త పట్టిక చేతికొస్తే ముందుగా మౌసే పట్టుకుంటాను. అందుకు సిగ్గుపడను, కారణం ఉంది. దానితోపాటు ఒక షరతూ ఉంది. ఈ వారం ఆ రెండూ చెబుతాను.

కారణం చెప్పాలంటే అంటార్కిటికా దాకా వెళ్ళాలి. అక్కడి పామర్ ద్వీపసమూహంలో 2007 నుంచి 2009 వరకు పరిశోధకులు పెంగ్విన్లను పట్టి కొలిచారు. అడేలీ, జెంటూ, చిన్‌స్ట్రాప్ అనే మూడు జాతులు, మొత్తం 344 పక్షులు. ముక్కు పొడవు, ముక్కు మందం, రెక్క పొడవు, బరువు, ఏ ద్వీపం, ఆడా మగా అన్న వివరాలతో ఒక చక్కని పట్టిక తయారైంది. గణాంకాలు నేర్పేవాళ్ళకు ఇప్పుడిది చేతి కింది పట్టిక. 2025లో వచ్చిన 4.5.0 వెర్షన్ నుంచి ఆర్‌లోనే కలిపి ఇస్తున్నారు కూడా.

ఆర్ గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల్లో మొదలుపెట్టిన ఉచిత గణాంక భాష ఇది. తెరిస్తే ఖాళీ తెర, ఒక మూల మినుకుమనే గీత. ఏం కావాలో మనమే రాయాలి. కామా ఒకటి తప్పినా ఎర్రక్షరాల్లో గద్దిస్తుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రం చెప్పిన జాన్ ఫాక్స్, ప్రాథమిక గణాంకాలు నేర్చుకునే విద్యార్థులు ఆ ఖాళీ తెర చూసి బెదరకుండా దానికి మెనూలు తొడిగారు. దాని పేరు ఆర్ కమాండర్. 2005లో దాని గురించి ఒక వ్యాసం కూడా ప్రచురించారు. చూడ్డానికి ఏ హంగూ లేని బూడిదరంగు కిటికీ. నా పాఠాలన్నీ దానితోనే మొదలవుతాయి.

అందులో పెంగ్విన్ల పట్టిక తెరిచి, గ్రాఫుల మెనూలోకి వెళ్ళి, చుక్కల గ్రాఫు ఎంచుకుంటాం. తెరుచుకున్న పెట్టెలో అడ్డంగా ముక్కు పొడవు, నిలువుగా ముక్కు మందం. సరళరేఖ గీయమని ఒక టిక్కు పెట్టి ఓకే నొక్కితే తెర నిండా చుక్కలు, వాటి మధ్య నుంచి కిందికి జారే గీత. అంటే ముక్కు పొడవైనకొద్దీ పలచనవుతోందన్నమాట. సహసంబంధం సుమారు మైనస్ 0.24. ఒకటి పెరిగితే మరొకటి తగ్గడం సబబుగానే ఉందనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగి, ఒక పేరా కూడా రాసేస్తారు.

అదే పెట్టెలో గుంపుల వారీగా విడదీసి గీయమనే బటను ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి జాతిని ఎంచుకుంటే చుక్కలు మూడు రంగుల్లోకి విడిపోతాయి. జారే గీత మాయమై, దాని బదులు మూడు గీతలు వస్తాయి. మూడూ పైకి ఎక్కేవే. అడేలీలో సహసంబంధం 0.39, జెంటూలో 0.64, చిన్‌స్ట్రాప్‌లో 0.65. ఏ జాతిలో చూసినా ముక్కు పొడవైనదే మందంగానూ ఉంది. జెంటూల ముక్కులు పొడవైనవీ పలచనివీ, అడేలీల ముక్కులు పొట్టివీ మందమైనవీ కాబట్టి, అన్నిటినీ ఒకే కుప్పగా పోసినప్పుడు గీత తిరగబడింది.

ఈ తిరకాసుకు సింప్సన్ వైరుధ్యమని పేరు. ఎడ్వర్డ్ సింప్సన్ 1951లో దీని మీద వ్యాసం రాశారు. పుస్తకంలో చదివిస్తే విద్యార్థులు తలూపుతారు, మర్నాటికి మరిచిపోతారు. తమ చేత్తో ఒక బటను నొక్కి గీత తిరగబడటం చూసినవాళ్ళు మరచిపోరు. వాళ్ళ తరువాతి మాట ఎప్పుడూ ఒకటే:

"సార్, మగవీ ఆడవీ విడదీసినా ఇలాగే మారుతుందా?"

"నన్నెందుకమ్మా అడగడం, నొక్కి చూడు."

మౌసు పట్టుకోవడానికి నాకున్న కారణం ఇదే. ప్రశ్న మనసులో పుట్టడానికీ జవాబు కంటి ముందుకు రావడానికీ మధ్య ఎడం తగ్గిపోతుంది. కోడ్ కొత్తగా నేర్చుకుంటున్నవాడు ఆ ఎడంలో బ్రాకెట్లు వెతుక్కుంటూ ఉంటాడు. బ్రాకెట్ దొరికేసరికి ప్రశ్న పోతుంది. పరిశోధనలో పోగొట్టుకోకూడనిది ఆ ప్రశ్నే.

ఇంకో లాభం ఉంది. మంచి మెనూ గ్రాఫుల నిర్మాణాన్ని చెప్పకుండానే నేర్పుతుంది. లేలండ్ విల్కిన్సన్ 1999లో 'ద గ్రామర్ ఆఫ్ గ్రాఫిక్స్' అనే పుస్తకం ప్రచురించారు. కడ్డీల గ్రాఫు, చుక్కల గ్రాఫు, వృత్తం గ్రాఫు అంటూ రకాల జాబితా బట్టీ పట్టనక్కర్లేదనీ, అన్నీ కొద్దిపాటి అంశాల కలయికలేననీ ఆ పుస్తకం సారం. ఏ కొలత అడ్డంగా, ఏది నిలువుగా, రంగు దేనికి, పరిమాణం దేనికి, చుక్కగా గీయాలా కడ్డీగా గీయాలా అన్నవి తేల్చుకుంటే గ్రాఫు తయారు. హాడ్లీ విక్‌హమ్ ఆ ఆలోచనను ఆర్‌లో జీజీప్లాట్2గా మలిచారు. ఫ్రాన్స్‌కు చెందిన బృందం ఒకటి దాని మీద ఎస్కీస్ అనే పనిముట్టు తయారుచేసింది. అందులో తెర పైభాగాన మన పట్టికలోని కొలతల పేర్లు బిళ్ళల్లా వరుసగా ఉంటాయి. వాటి పక్కన ఎక్స్, వై, రంగు, పరిమాణం అని రాసిన ఖాళీ పెట్టెలు. బిళ్ళను మౌసుతో ఈడ్చి పెట్టెలో పడేస్తే గ్రాఫు మారిపోతుంది. జాతి బిళ్ళను రంగు పెట్టెలోంచి తీసి గ్రాఫును విడగొట్టే పెట్టెలో వేస్తే, ఒకటే గ్రాఫు మూడు చిన్న గ్రాఫులవుతుంది. ఆ ఈడ్చడంలోనే విల్కిన్సన్ పుస్తకంలోని మూలసూత్రం వేళ్ళకు పట్టుబడుతుంది. ఇలా కొంతకాలం ఆడినవాళ్ళకు తరువాత కోడ్ చూపిస్తే, పరిచయమున్న పెట్టెల పేర్లే అందులో కనిపిస్తాయి. భయం పోతుంది.

అయితే మెనూ తన ఇష్టాన్ని కూడా మన నెత్తిన పెడుతుంది. మనం చెప్పనివన్నీ అదే తేల్చేస్తుంది. అంకెల మధ్య తేడాలు చిన్నవైతే, కడ్డీల గ్రాఫులో నిలువు అక్షాన్ని సున్నా నుంచి కాకుండా ఎక్సెల్ తనంతట తానే పైనుంచి మొదలుపెడుతుంది. రెండు శాతం తేడా రెండింతల్లా కనిపిస్తుంది. హిస్టోగ్రామ్‌లో గడులు ఎన్నో చెప్పకపోతే సాఫ్ట్‌వేరే లెక్కకట్టుకుంటుంది. అమెరికాలోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ ఒక్కోసారి ఎంతసేపు ఎగజిమ్మిందో చెప్పే 272 కొలతల పట్టిక కూడా ఆర్‌లో ఉంది. సరైన గడులతో గీస్తే రెండు గుట్టలు కనిపిస్తాయి. ఒకటి రెండు నిమిషాల దగ్గర, రెండోది నాలుగున్నర నిమిషాల దగ్గర. గడులు మరీ తగ్గిస్తే ఆ రెండూ కలిసిపోయి, అసలు విషయమే మూతపడుతుంది. అందుకే హిస్టోగ్రామ్ గీసిన ప్రతిసారీ గడుల సంఖ్యను ఒకసారి పెంచి, ఒకసారి తగ్గించి చూడమని చెబుతాను. మౌసుతో అది క్షణాల పని.

వృత్తం గ్రాఫుకు ఎత్తు తొడిగి పక్కకు వంచి చూపే బటను గురించి కూడా ఒక మాట. విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ 1984లో చేసిన ప్రయోగాల్లో, ఒకే గీత మీద ఉన్న చుక్కల స్థానాలను మన కన్ను బాగా పోల్చగలదనీ, వృత్తం గ్రాఫు ఆధారపడే కోణాల దగ్గర అంత నమ్మకంగా పోల్చలేదనీ తేలింది. మెనూలో బటను ఉంది కదా అని నొక్కాల్సిన పని లేదు.

ఇక షరతు. మౌసుతో ఏం చేసినా, ఏం చేశామో రాసి ఉండాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో 2013లో లోకమంతా చూసింది. కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే పేరుమోసిన ఆర్థికవేత్తలు 2010లో ఒక వ్యాసం రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందన్న ఆ వ్యాసాన్ని చూపించి పలు దేశాల్లో నాయకులు ఖర్చుల కోతను సమర్థించుకున్నారు. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం విద్యార్థి థామస్ హెర్న్‌డన్ ఆ లెక్క మళ్ళీ చేయబోతే కుదరలేదు. రచయితలనే అడిగి ఎక్సెల్ షీటు తెప్పించుకున్నాడు. సగటు కట్టిన గడి మీద నొక్కి చూస్తే, 20 దేశాల్లో వరుసగా అయిదు దేశాలు సూత్రం పరిధిలోకే రాలేదు. ఎంపిక చేసే మౌసు కొన్ని వరుసల ముందే ఆగిపోయిందన్నమాట. అది ఒక్కటే కాదు, ఏ సంవత్సరాలు కలపాలి, ఏ దేశానికి ఎంత బరువు ఇవ్వాలి అన్న చోట్లా హెర్న్‌డన్‌కూ అతని ఆచార్యులకూ అభ్యంతరాలున్నాయి. అన్నీ సరిచేసి లెక్కకడితే, అప్పు ఎక్కువున్న కాలాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతమని వాళ్ళు తేల్చారు. షీటులో పొరపాటు జరిగిందని రచయితలు ఒప్పుకున్నారు. తమ మూల అభిప్రాయాన్ని మాత్రం వదులుకోలేదు.

ఈ కథ చెప్పి ఎక్సెల్‌ను తిట్టడం మామూలు. నాకు ఇందులో కనిపించేది వేరు. ఆ గడిలో సూత్రం మిగిలింది కాబట్టే తప్పు దొరికింది. షీటు ఇచ్చారు కాబట్టే ఒక విద్యార్థి దాన్ని పట్టుకోగలిగాడు. అదే మౌసుతో గీసి, బొమ్మగా భద్రపరిచి, నివేదికలో అతికించిన గ్రాఫు అయితే? అందులో ఏ వరుసలు వదిలేశామో, ఏ పక్షులను తీసేశామో, అక్షాన్ని ఎక్కడ కత్తిరించామో చెప్పే ఆధారమే ఉండదు. గీసినవారికే ఆరు నెలల తరువాత గుర్తుండదు.

ఆర్ కమాండర్ మీద నాకు గౌరవం ఇక్కడే. దాని కిటికీ పై సగంలో ఒక తెల్లటి జాగా ఉంటుంది. మనం మెనూలో ఏది నొక్కినా, దానికి సరిపడే ఆర్ ఆదేశం ఆ జాగాలో వచ్చి పడుతుంది. పెంగ్విన్ల గ్రాఫుకైతే స్కాటర్‌ప్లాట్ అనే మాట, బ్రాకెట్లో ముక్కు మందం, ఒక వంకర గీత, ముక్కు పొడవు, ఒక నిలువు గీత, ఆ తరువాత జాతి. ఆపైన మనం పెట్టిన టిక్కుల వివరాలు, పట్టిక పేరు. ఆ నిలువు గీత పక్కనున్న జాతి మాట చెరిపేసి ద్వీపమని రాసి, సబ్మిట్ బటను నొక్కితే ఈసారి గ్రాఫు ద్వీపాల వారీగా విడిపోతుంది. నొక్కుతూ నొక్కుతూనే మొదటి కోడ్ రాసేశారు. మెనూలో ఎంచుకున్నదానికీ వెనక నడిచే ఆదేశానికీ ఉన్న సంబంధం విద్యార్థికి కనబడాలన్నదే ఫాక్స్ ఉద్దేశం. ఎస్కీస్‌లోనూ కోడ్ బటను ఉంది, నొక్కితే గ్రాఫు వెనకున్న ఆదేశమంతా తీసుకోవచ్చు. జమోవి అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పట్టికా, మనం పెట్టిన టిక్కులూ, వచ్చిన గ్రాఫులూ ఒకే ఫైలులో ఉంటాయి. పట్టికలో అంకె మారిస్తే గ్రాఫు దానంతటదే మారుతుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆర్ మీదే గ్రేప్స్ అనే వేదిక కట్టారు. పొలం ప్రయోగాలు చేసే విద్యార్థులు కోడ్ రాయకుండా బ్రౌజర్‌లోనే విశ్లేషణ చేసుకోవచ్చు.

మెనూకు హద్దులు లేవని కాదు. తయారుచేసినవారు ఊహించినంత వరకే అది తీసుకెళ్తుంది. మన భాష దగ్గరే ఆ హద్దు తగులుతుంది. అక్షాలకు తెలుగు పేర్లు పెట్టి ఆర్‌లోని మామూలు పిడిఎఫ్ పద్ధతిలో భద్రపరిస్తే అక్షరాలకు బదులు చుక్కలు వస్తాయి. నేను వాడే లైనక్స్‌లో ఆదేశంలోని పిడిఎఫ్ అన్న మాట తీసి కైరో పిడిఎఫ్ అని రాస్తే గుణింతాలూ ఒత్తులూ వాటి చోట్ల కూర్చుంటాయి. మారేది ఒక్క మాటే. ఆదేశం కళ్ళ ముందు ఉన్నవారికి అది చిన్న దిద్దుబాటు, లేనివారికి గోడ.

అందుకే కోడ్ వచ్చా రాదా అని ఎవర్నీ అడగడం మానేశాను. విద్యార్థి గ్రాఫు తెస్తే దానితోపాటు మూడు అడుగుతున్నాను: ముడి పట్టిక, ఆదేశాల ఫైలు, వదిలేసిన వరుసలకు ఒక్కో వాక్యంలో కారణం. ఆదేశాలు చేత్తో రాసినవైనా, మెనూ రాసిపెట్టినవైనా నాకు ఒకటే. మన విశ్వవిద్యాలయాల్లో థీసిస్ చూసే పరీక్షకులు కూడా గ్రాఫు రంగుల గురించి అడిగే బదులు "దీన్ని మళ్ళీ గీసి చూపించగలరా?" అని ఒక్కసారి అడిగితే చాలు. వైవా ముందు రోజు పొలం పుస్తకంలో ఒక కొలత తప్పుపడిందని తెలిస్తే, ఆదేశాల ఫైలు ఉన్న విద్యార్థి ఆ అంకె దిద్ది, అన్నీ మళ్ళీ నడిపి, వేళకు భోజనం చేసి పడుకుంటాడు. లేనివాడు ఏ గ్రాఫులో ఏ టిక్కు పెట్టాడో గుర్తుచేసుకుంటూ తెల్లవార్లూ కూర్చుంటాడు.