దుర్భిణియు గురియు

మొక్కజొన్న కంకి పాలుపోసికొను దినములలో సిద్దిపేట ప్రాంతపు చెలకలవెంట నడచిపోవువానికి, చేని నడుమ నాలుగు గుంజలపై నిలిచిన మంచెమీద వడిసెల చేతబట్టిన కాపరి యొకప్పుడు తప్పక కానవచ్చెడివాడు. నారతో పేనిన త్రాటి నడిమి బద్దెలో ఱాయి నుంచి, తలపై రెండు మూడు చుట్లు త్రిప్పి, యొక కొసను విడిచినంతనే ఆ ఱాయి ఝుమ్మని పోయి కోరినచోట పడెడిది. వానికి కొలబద్ద లేదు, అద్దము లేదు. ఏ క్షణమున కొసను విడువవలెనో యది చేతికి తెలిసియుండెడిది. ఆ తెలివికే మనవారు గురి యని పేరిడిరి. ఈ మాటకు మన భాషలో లక్ష్యమనియే గాక నమ్మకమనియు నర్థము కలదు. గురువుపై గురి యందుము, వైద్యునిపై గురి కుదిరినదందుము. దుర్భిణి నమర్చిన తుపాకితో దూరలక్ష్యమును వేధించు విద్యను గూర్చి ముచ్చటించుటకు పూనుకొన్నప్పుడు ఈ రెండర్థములను జ్ఞప్తియం దుంచుకొనుట మేలు.

ఈ సీమకు గురి క్రొత్త విద్య కాదు. నేడు సిద్దిపేట జిల్లాలోనున్న బైరాన్‌పల్లి గ్రామస్థులు నిజాము పక్షపు రజాకార్ల దాడుల కెదురొడ్డి, ఊరి బురుజుపై కావలి నిలిపి, వడిసెలలతోను నాటు తుపాకులతోను పోరాడిరి. 1948 ఆగస్టు 27వ తేదీన బలగము పెంచికొని వచ్చిన శత్రువులచేత నా యూరివా రెందఱో హతులైరి. ఇట్లు ప్రజలు ప్రాణరక్షణకై గురి నేర్వగా, ప్రభువులు వినోదమునకై నేర్చిరి. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను పులివేటయందు ప్రసిద్ధుడు. మెదకునకు చేరువనున్న పోచారము అడవి నిజాముల వేటపట్టు. నేడది వన్యప్రాణుల కభయారణ్యము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వినోదపు వేటకు కాలము తీర నారంభించినది, తీరుటయు న్యాయమే.

అయినను దూరపు తుపాకి పని పూర్తిగ ముగియలేదు. ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేనిని నేలమట్టము చేయు అడవిపందుల బెడద తెలంగాణ రైతుల కందఱికిని తెలిసినదే. పంటకును ప్రాణమునకును హాని చేయు జంతువులను అధికారుల యనుమతితో తొలగించుటకు పై చట్టమే కొంత యవకాశ మిచ్చినది. అనుమతి లేక, చేని చుట్టు కరెంటు తీగ పఱచుటవలన పందితోపాటు పసరములును మనుష్యులును మడియుచుండుట చూచుచున్నవారికి, ఎఱిగిన చేతిలోని యొక్క తూటా యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ చేతి కుండవలసిన యెఱుకనే యిట వివరింప దలచితిని.

మొదట దుర్భిణి సంగతి. దానిపై 3-9×40 అను నంకెలు చెక్కియుండును. దూరవస్తువును మూడింతలనుండి తొమ్మిదింతలవఱకు దగ్గఱ చేసి చూపుననియు, ముందరి యద్దము వ్యాసము 40 మిల్లీమీటర్లనియు దాని భావము. కొనువారు పెద్ద యంకెకే మురిసిపోవుదురు గాని, ఆ 40ని యింతల సంఖ్యచే భాగించి చూచువా రరుదు. తొమ్మిదింతలయొద్ద కంటికి చేరు కాంతివృత్తము నాలుగున్నర మిల్లీమీటర్లకు లోపే. నాలుగింతలకు దించినచో నది పది మిల్లీమీటర్లగును. మసకవెలుతురున పడుచువాని కంటిపాప యేడు మిల్లీమీటర్లదాక విచ్చుకొనును, వయసు మీఱినకొలది అంతగ విచ్చుకొనదు. కావున పంది చేనిలోనికి దిగు మునిమాపువేళ తొమ్మిదింతల చూపు చీకటిని మాత్రమే పెద్దది చేసి చూపును. నాలుగింతల చూపు జంతువును చూపును. పగటియందు సైతము అధికమైన వృద్ధి మేలు కాదు. చూపుమేర యిఱుకగును, తన గుండెకొట్టుకొనుటయే గురిగీతలను గంతులు వేయించును, ఎండకాలపు మధ్యాహ్నమున నేలనుండి లేచు ఎండమావి లక్ష్యమును నీటిలోని నీడవలె కదలించును.

రెండవది కంటి యెడము. బలమైన తుపాకిపై నమర్చు దుర్భిణి కంటికి సుమారు తొమ్మిది సెంటీమీటర్ల దూరమున నిండుదృశ్యము చూపవలెను. అంతకంటె దగ్గఱకు మోము చేర్చినవానికి, తుపాకి వెనుకకు తన్నినప్పుడు దుర్భిణి యంచు కనుబొమపై నెలవంక గుర్తు వేయును. తొందరపాటునకు తుపాకి వేయు ముద్ర యది.

మూడవది దృష్టిభేదము. గోడగడియారమును ప్రక్కనుండి చూచినవానికి ముల్లు ఒక నిమిషము తప్పుగ కనబడునట్లే, దుర్భిణిలో కన్ను నడుమనుండి తొలగినచో గురిగీతలు లక్ష్యముపైనుండి జరిగినట్లు తోచును. దానిని సవరించు మీట కొన్నిటికి కలదు. లేనివాటికి, ప్రతిమాఱును చెంపను కుందాపై నొక్కచోటనే ఆనించుటయే మందు.

నాలుగవది గురి సవరించు బిళ్ల. దానిని త్రిప్పినపుడు టిక్కుమను ప్రతి శబ్దమునకును గురి యొక స్వల్పకోణము మాఱును. డిగ్రీలో అఱువదవ వంతు నూఱు మీటర్లయొద్ద సుమారు 2.9 సెంటీమీటర్లు, అందులో పాతిక వంతు కొలతగాగల దుర్భిణికి ఒక్కొక్క టిక్కు ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు. తూటాలు మూడు సెంటీమీటర్లు క్రిందుగ పడినచో నాలుగు టిక్కులు పైకి త్రిప్పిన చాలును. దూరము రెట్టింపైన టిక్కు విలువయు రెట్టింపగును.

ఇంత లెక్క యెఱిగినవారు కూడ ఒకచోట మోసపోవుదురు: వేలు పోసి దుర్భిణి కొని, దానిని బిగించు కడియములయొద్ద పైసలు చూచుకొందురు. మర సడలిన పిదప ఎంతటి యద్దమైన నేమి ప్రయోజనము?

ఇక తుపాకి సంగతి. ఇసుకసంచిపై నానించి, ఒకే గురితో అయిదు తూటాలు వేసి చూడవలెను. అవి యొక్కచోట గుమిగూడి, కోరిన తావునకు దూరముగ పడినచో తప్పు సవరింపదగినది. బిళ్ల త్రిప్పిన సరిపోవును. అవి చెదరిపడినచో ఎంత త్రిప్పినను ప్రయోజనము లేదు. తప్పు తుపాకియందో, తూటాయందో, తనయందో వెదకవలెను. తుపాకియందలి తప్పు పట్టుట కొక చిన్న యుపాయము కలదు. పదిరూపాయల నోటును గొట్టమునకును క్రింది చెక్కకును నడుమ దూర్చి వెనుకకు లాగి చూచినచో, అది సాఫీగ జరిగిపోవలెను. వానాకాలమున చెక్క ఉబ్బి గొట్టమును తాకినచోట నోటు తట్టుకొని నిలుచును. అట్టి తుపాకి యొకనాటి గురి మఱునా డుంచదు. తూటాలు ఒకే రకమువి, ఒకే తడవ తయారైనవి కావలెను. గొట్టము చల్లగానున్నప్పు డేయు మొదటి తూటా ఎచట పడునో ప్రత్యేకముగ గుర్తుంచుకొనవలెను. చేనిలో రెండవ తూటా కవకాశ ముండదు గదా.

చివరకు తనయందలి తప్పు. గురివింద గింజ తన క్రింది నలు పెఱుగదన్నట్లు, గురి తప్పినవాడు దుర్భిణిని నిందించును గాని తన చూపుడువ్రేలిని నిందింపడు. గురిచూచి, కన్నులు మూసి, ఒక నిశ్వాసము విడిచి, మరల తెఱచినప్పుడు గీతలు లక్ష్యముపైననే నిలిచియున్నచో దేహము సరిగ కుదిరినది. ప్రక్కకు జరిగియున్నచో కండబలముతో త్రోయక, కూర్చున్న తీరునే మార్చుకొనవలెను. ఊపిరి సగము విడిచి నిలిపి, తుపాకి మీటను లాగక పిండవలెను. ప్రేలుట తనకే యించుక యాశ్చర్యముగ తోచవలెను.

దుర్భిణియే గురి యనుకొనువారికి సమాధానము హైదరాబాదులోనే కలదు. అచట పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీయందు కాంస్యపతకము గెలిచెను. ఆ పోటీలో దుర్భిణి నిషిద్ధము; చిన్న రంధ్రముగుండ చూచియే, అరమిల్లీమీటరు వ్యాసముగల నడిమి చుక్కను గురిచూడవలెను.

దూరమునకు మఱొక పరీక్ష కలదు. సగటున సెకనుకు 600 మీటర్ల వేగముతో పోవు తూటా, 300 మీటర్లు దాటు అరసెకనులో గొట్టపు సూటినుండి సుమారు నాలుగడుగులు క్రిందికి జాఱును; గాలి దానిని ప్రక్కకు నెట్టును. పతనమును లెక్కతో సవరింపవచ్చును. గాలిని మాత్రము చేరువ గడ్డిపరకలను, నడుమ చెట్టుకొమ్మలను, లక్ష్యముచెంత కంకులను చూచి యూహింపవలసినదే. ఆ యూహ కుదరనినాడు దగ్గఱకు నడచిపోవుట, అదియు వీలుకానిచో ఇంటికి మరలుట శ్రేయము. గురి తప్పిన తూటా కొన్ని కిలోమీటర్లు పోగలదు; పంది వెనుక పొదయే కాదు, రాత్రివేళ మోటారు వేయబోవు రైతు కూడ నుండవచ్చును.

దశరథుని గురి తప్పలేదు. సరయూతీరమున చీకటిలో కుండ మునుగు చప్పుడును విని ఏనుగనుకొని వేసిన శబ్దవేధి బాణము చేరవలసినచోటికే చేరినది. తప్పినది గురి కాదు, ఎఱుక. అంధులైన తల్లిదండ్రులకు నీరు తేబోయిన బాలుడు కూలెను. మన పురాణము ఈ విద్యకు చెప్పిన మొదటి పాఠమే యిది. దుర్భిణి తుపాకి దూరమును పెంచుటకు పుట్టిన సాధనమని పలువు రనుకొందురు. నిజమున కది, వేయుటకు ముందు చూచుటకై పుట్టినది. అందు చూచి, ఇది కాదని తెలిసినంతనే మీటపైనుండి వ్రేలు తీసికొనువాని చేతిలోనే తుపాకి యుండదగును. ఊరివారి గురియు వానిపైననే కుదురును.